ఫీజీ పల్లెలో మూడో వారం, ఇంకా కుదురుకోలేకపోతున్నా. ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. పుట్టింది తెనాలిలో, పదేళ్లప్పుడు న్యూజెర్సీ వచ్చేశాం. ఇప్పుడు పీస్ కోర్ (విదేశాలకి వాలంటీర్లని పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) ట్రైనీగా ఫీజీలో, వీటీ లెవు ద్వీపం మీద ఒక పల్లెలో, ఒక కుటుంబంతో కలిసి ఉంటున్నాను. ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేయించి, రెండేళ్లు పని చేయడానికి వేరే ఊరు పంపుతారు. ట్రైనింగే సగం కాలేదు, అప్పుడే రోజులు లెక్కపెడుతున్నాను.

ఉక్కపోత, దోమలు, బకెట్ స్నానం నాకు కష్టం కాదు, ఎండాకాలం సెలవులన్నీ అమ్మమ్మగారింట్లో గడిపినదాన్నే. కష్టమల్లా ఒక్క నిమిషం ఒంటరిగా ఉండనివ్వకపోవడం. గదికి తలుపు లేదు, పరదా ఉంది. పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఒంట్లో బాగోలేదా అని ముగ్గురొచ్చి అడుగుతారు. పొద్దున కర్రపెండలం, మధ్యాహ్నం కర్రపెండలం, రాత్రికీ అదే, ఆపితే "కనా, కనా" అని, అంటే తిను తిను అని, ఇంకో ముక్క వేస్తారు. ప్రేమతోనే పెడుతున్నారని తెలుసు కాబట్టి వద్దనలేను.

మొన్న రాత్రి కరెంటు పోయింది. బుబు (బామ్మని ఇక్కడ అలా పిలుస్తారు) చాప మీద కూర్చుని ఉంది, ఆవిడ వెనక అరలో టార్చి ఉంటే ఆవిడ తల మీదుగా చెయ్యి చాపి తీసుకున్నాను. టార్చి వెలిగేసరికి ఇల్లంతా గప్‌చుప్, అందరూ చాప వైపే చూస్తున్నారు. తర్వాత వాళ్లమ్మాయి చెవిలో చెప్పింది, పెద్దవాళ్ల తల మీదుగా చెయ్యి పోనివ్వాల్సి వస్తే ముందు "తులౌ" అనాలట. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

ఇంకోటి. ఊరివాళ్లు అమెరికా నుంచి తెల్లమ్మాయి వస్తుందనుకున్నారట. టౌన్‌కి వెళ్తే షాపువాళ్లు నన్ను ఇక్కడి ఇండియన్ అనుకుని ఫీజీ హిందీలో "బా నుంచా, నాంది నుంచా" అని ఇక్కడి ఊళ్ల పేర్లు చెప్పి అడుగుతారు. నేను ఎవరినో చెప్పి చెప్పి అలసిపోయాను. నాన్న రోజూ ఫోన్ చేసి వచ్చేయమంటున్నారు. ఎవరైనా ఈ దశ దాటారా?

వనువా_లెవు_మాజీ:
చెల్లీ, నేను ఫీజీలోనే ఇంకో ద్వీపం వనువా లెవులో రెండేళ్లు పని చేసి వచ్చాను, మాది శ్రీకాకుళం వైపు. మూడో వారంలో నాదీ ఇదే పరిస్థితి, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు వరసలు పట్టుకో. మిగతా ట్రైనీలకి ఇది నెలలు పడుతుంది, నీకు ఒక సాయంత్రం చాలు. లెవు అంటే పెద్ద, లైలై అంటే చిన్న. నాన్న వాళ్ల అన్న "తా లెవు", తమ్ముడు "తా లైలై", అంటే అచ్చంగా మన పెదనాన్న, చిన్నాన్న. అమ్మ అక్కచెల్లెళ్లు కూడా అంతే, పెద్దమ్మ, పిన్ని. అమ్మ తోడబుట్టినవాడు మాత్రం వేరే, ఆయన "మొమొ", మన మేనమామ. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు "తవలే", అంటే బావామరదళ్లు, వాళ్లతో ఎంత వేళాకోళమైనా ఆడొచ్చు. ఇంగ్లీషులో అంకుల్, కజిన్ అని అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఈ ఊరు అర్థం కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారో బుబునే అడుగు, రెండు గంటలు చెబుతుంది. ఒకటి గుర్తుంచుకో, ఆ ఇంటి కొడుకు నీతో ముభావంగా ఉంటే కోపమనుకోకు, నువ్వు చెల్లెలి వరస కాబట్టి దూరంగా ఉండటమే అక్కడి మర్యాద.

భాష కూడా నీ చేతిలోనే ఉంది. మాటలన్నీ మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. మనం, మేము అనే తేడా వాళ్లకీ ఉంది. వినేవాళ్లని కలుపుకుంటే "కెదా", కలుపుకోకపోతే "కెయిమామి". మా బ్యాచ్‌లో అమెరికన్లు ఇక్కడే నెలల తరబడి తడబడ్డారు. నోట్సు తెలుగు లిపిలో రాసుకో, వాళ్లు "డి" అని రాసేది పలికితే "ంద", "బి" పలికితే "ంబ", మన సున్నా దానికి సరిగ్గా సరిపోతుంది.

టార్చి సంగతి బుబు ఆ రాత్రే మర్చిపోయి ఉంటుంది. ఆవిడ చాప అల్లేటప్పుడు వెళ్లి పక్కన కూర్చుని ఆకులు అందించు. వొయివొయి అంటారు, మన మొగలి జాతే, ఎండిన ఆకుని కత్తి వీపుతో గీరి మెత్తబరిచి సన్నగా చీలుస్తారు. అక్కడ కూర్చుంటే ఎవరూ నిన్ను మాట్లాడమని బలవంతపెట్టరు, ఒంట్లో బాగోలేదా అనీ అడగరు. నాకు దొరికిన ఒంటరితనం అదే, నలుగురి మధ్యలోనే. పొట్ట నిండితే "అవ్ సా మమౌ, వినాకా" అను, నిండింది, థాంక్స్ అని. తిట్టుకోరు. కర్రపెండలం విసుగొస్తే రౌరౌ అడుగు, చామాకు కొబ్బరిపాలలో ఉడికిస్తారు, పచ్చిమిర్చి నువ్వే తుంచి వేసుకో.

దోమ కుట్టిన చోట గోకకు. ఆ తేమకి చిన్న గీత కూడా పుండవుతుంది, సబ్బుతో కడిగి ఆరనిచ్చి కట్టు కట్టుకో.

సువాలో_టీచర్:
తొమ్మిదేళ్లుగా ఇక్కడున్నాను, ఆ "బా నుంచా, నాంది నుంచా" గురించి మాత్రం చెప్పనివ్వండి. అది అనుమానం కాదమ్మా, చుట్టరికం వెతుక్కోవడం. 1879లో లియోనిడాస్ ఓడతో మొదలై 1916 దాకా అరవై వేల మందిని చెరకు తోటలకి ఒప్పంద కూలీలుగా తెచ్చారు. ఆ అగ్రిమెంట్‌నే వాళ్లు గిర్మిట్ అన్నారు. 1903 నుంచి మద్రాసు మీదుగా వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, విశాఖ జిల్లా నుంచి కూడా. 1926లో నాందిలో దక్షిణాదివాళ్లు సంగం పెట్టుకున్నారు, 1941లో తెలుగువాళ్లు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇప్పటి పిల్లలకి తెలుగు రాదు, ఇంట్లో ఫీజీ హిందీయే. కానీ నాకు తెలిసిన ఒక ముసలాయన మా ఇంట్లో పప్పు తింటూ "మా అవ్వ ఇట్లాగే చేసేది" అన్నాడు, ఆయన నోట నేను విన్న తెలుగు మొత్తం అంతే, అది కూడా కళ్లనీళ్లతో.

కాబట్టి "మా తాతలది ఆంధ్ర, నేను అమెరికా నుంచి వచ్చాను" అని చెప్పండి, టీ ఇచ్చి కూర్చోబెడతారు. అయితే ఒక జాగ్రత్త. ట్రైనింగ్ రోజుల్లో ప్రతి శని, ఆదివారాలూ ఇండియన్ ఇళ్లకే పోవద్దు. 1987లో, 2000లో ఇక్కడ జరిగిన తిరుగుబాట్ల గాయాలు ఇటు ఫీజీ మూలవాసులకీ, అటు ఇండియన్లకీ ఉన్నాయి, మీరు ఏ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నారో ఊరు గమనిస్తుంది. ఆదివారం చర్చి, ఆ తర్వాత నేలలో గొయ్యి తీసి వండే భోజనం మీ కుటుంబంతోనే కానివ్వండి.

సమోవా_నుంచి_తిరిగొచ్చా:
పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఇంకో మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నేను ఏడో నెలలో వచ్చేశాను. నిద్ర పోయింది, తిండి సయించలేదు, అందరూ సర్దుకుంటున్నారు కదా అని ఎవరికీ చెప్పకుండా లాక్కొచ్చాను. నాలా చేయకండి. ఏడుపు వస్తే అది తప్పు కాదు, రెండు వారాలు దాటి నిద్ర లేకపోతే మాత్రం ట్రైనింగ్ వాళ్ల నర్సుకి చెప్పండి. మీ నాన్నగారి ఫోన్ రోజూ వద్దు, వారానికి ఒకసారి, అదీ పొద్దున పూట. రాత్రి మాట్లాడితే నిద్ర పట్టదు.

తెనాలి_అమ్మాయి:
అన్నా, టీచర్ గారూ, సమోవా అక్కా, ముగ్గురికీ చాలా థాంక్స్. నాన్నకి ఆదివారం చేస్తానని చెప్పాను, కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

నిన్న వరసలు అడిగాను. బుబు వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది, నేను తెలుగులో రాసుకుంటుంటే నోట్‌బుక్ లాక్కుని ఆ గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. మా మొమొకి చెప్పాను, మా ఊళ్లోనూ మీ వరసవాళ్లని మామ అనే అంటామని. ఇవాళ పొద్దున్నే ఒక పనసకాయ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు. దాన్ని కోసేముందు చేతికి నూనె రాసుకోవాలని నాకు అమ్మమ్మ నేర్పింది, ఇక్కడా కొబ్బరినూనే రాస్తున్నారు. వొయివొయి ఆకులు మధ్యాహ్నానికి ఎండుతాయట, బుబు అప్పుడు రమ్మంది.