‘వైడ్ సర్గాసో సీ’కి ముందు ‘జేన్ ఐర్’ చదివి తీరాలా?

తార్నాక_ఎమ్మే: ఈ సెమిస్టర్‌లో మాకు జీన్ రీస్ నవల ‘వైడ్ సర్గాసో సీ’ ఉంది, 1966 నాటిది. షార్లెట్ బ్రాంటే ‘జేన్ ఐర్’లో భర్త రోచెస్టర్ ఇంట్లో బంధించి ఉంచిన పిచ్చి భార్య బెర్తా కథను ఆమె వైపు నుంచి చెప్పే పుస్తకం, ఇందులో ఆమె పేరు ఆంట్వనెట్. సీనియర్లేమో ముందు ‘జేన్ ఐర్’ పూర్తి చేయమంటున్నారు, మేడమ్ అక్కర్లేదంటున్నారు. టైము రెండు వారాలే. ఏం చేయమంటారు?

అఫ్జల్‌గంజ్_పాఠకుడు: ముందు ‘జేన్ ఐరే’ చదవండి. రెండో భాగంలో కథ చాలావరకు చెప్పే భర్తకు రీస్ పేరే పెట్టలేదు. అతను రోచెస్టరని ఆ పాత నవల చదివినవాళ్లకే తెలుస్తుంది. ఆంట్వనెట్‌ను అతను బెర్తా అని పిలవడంలోని క్రూరత్వం తెలియాలన్నా అంతే.

లాలాపేట: నేను ఒప్పుకోను. అలా చదివితే ఆంట్వనెట్ మొదటి పేజీ నుంచే మనకు పిచ్చిదిగా కనిపిస్తుంది. రీస్ పోరాటం ఆ చూపుతోనే కదా! పైగా జమైకా చరిత్ర పక్కకు పోతుంది. బానిసత్వ రద్దు 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది, అదీ బానిసలకు కాదు, యజమానులకు. నవల మొదట్లోనే పొరుగాయన లట్రెల్ ఆ డబ్బు కోసం చూసి చూసి, కుక్కను కాల్చేసి, సముద్రంలోకి ఈదుకుంటూ వెళ్లిపోతాడు. ఆంట్వనెట్ కుటుంబం ఉండే కులిబ్రి ఎస్టేటు ఎందుకు పాడుబడిందో, జనం ఎందుకు నిప్పు పెట్టారో ఈ నేపథ్యం తెలియకుండా అర్థం కాదు.

అఫ్జల్‌గంజ్_పాఠకుడు: లాలాపేట గారూ, ఆ తేదీల బరువు తెలియాలన్నా ‘జేన్ ఐర్’ కావాలి. 32వ అధ్యాయంలో జేన్‌కు కొత్తగా అచ్చయిన పుస్తకంగా ‘మార్మియన్’ అందుతుంది. అది వాల్టర్ స్కాట్ 1808 నాటి కావ్యం. అంటే అక్కడ రోచెస్టర్ మొదటి పెళ్లి బానిసత్వ రద్దుకు చాలా ముందే జరిగింది. రీస్ దాన్ని రద్దు తర్వాతికి జరిపారు. ఆమె చేసిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా పెద్దది ఇదే.

హబ్సిగూడ_నోట్స్: తార్నాక గారూ, రెండు వారాల్లో కుదిరే పద్ధతి చెప్తాను. రీస్ మొదటి రెండు భాగాలు చదివి ఆగండి. అప్పుడు ‘జేన్ ఐర్’ 25, 26, 27 అధ్యాయాలు తీయండి: పెళ్లి ముసుగు చిరగడం, పెళ్లి ఆగిపోవడం, రోచెస్టర్ తన వైపు చెప్పుకునే జమైకా కథ. అందులోని 30,000 పౌండ్ల కట్నాన్ని, రీస్ నవలలో భర్త తండ్రికి రాసే ఉత్తరాన్ని పక్కపక్కన పెట్టుకోండి. తర్వాత ఇల్లు తగలబడిన సంగతి చెప్పే 36వ అధ్యాయం, వెంటనే రీస్ మూడో భాగం.

పరీక్షలో ఎక్కువగా పోయే మార్కులు ముగింపు దగ్గరే. ‘ఆంట్వనెట్ దూకి చనిపోయింది’ అని రాసేస్తారు. దూకి చనిపోవడం ‘జేన్ ఐర్’లో. ఇక్కడ ఆమె దూకేది కలలోనే. నవల ఆమె కొవ్వొత్తి పట్టుకుని చీకటి నడవలో వెళ్తుండగా ఆగుతుంది.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ‘జేన్ ఐర్’ కొంటే చివరి అధ్యాయం నంబరు చూడండి. 38 లేకపోతే బహుశా కుదించిన ప్రతి, ఈ పనికి పనికిరాదు.

లాలాపేట: ఈ వరుసకు నేనూ సరే. కానీ ఆంట్వనెట్‌ను పెంచిన నల్లజాతి దాసి క్రిస్టొఫీన్ సంగతి? ‘జేన్ ఐర్’లో ఆమె లేదు కాబట్టి పోలికల్లో పడితే ఆమె మీద చూపే నిలవదు. భర్తను ముఖాముఖి నిలదీసే మనిషి ఆమే. తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది, మళ్లీ కథలోకి రాదు. తెల్ల క్రియోల్ (కరీబియన్ దీవుల్లో పుట్టిన తెల్లజాతి) స్త్రీ పక్షాన ఇంగ్లిష్ నవలను తిరగరాసే పుస్తకంలో క్రిస్టొఫీన్ ఇమడదని విమర్శకురాలు గాయత్రి స్పివాక్ 1985 వ్యాసంలో వాదించారు. ఆ వ్యాసం నవల పూర్తయ్యాకే చదవండి. ముందే చదివితే క్రిస్టొఫీన్ మాటలు వినకుండానే ఆమె మీద తీర్పు చేతికొస్తుంది.