షట్టర్ ముందు పడుకుంటున్న అవ్వ: ఎవరిని అడగాలి, ఏం చేయాలి?

శివనగర్ కిరాణం:
అందరికీ నమస్తే. వరంగల్ స్టేషన్ అవతలి వైపు శివనగర్‌లో నాది చిన్న కిరాణం షాపు. పదకొండు రోజుల నుంచి ఒక ముసలవ్వ రాత్రిపూట మా షట్టర్ ముందు అరుగు మీద పడుకుంటోంది. డెబ్బై దాటి ఉంటాయి. అడుక్కోదు. నేను వచ్చేలోపే లేచి, అరుగు ఊడ్చి, మూట చంకన పెట్టుకుని స్టేషన్ దిక్కు వెళ్లిపోతుంది. మొదటి మూడు రోజులు నాకసలు తెలియనే లేదు. అరుగు ఎవరు ఊడుస్తున్నారబ్బా అనుకున్నాను.

సంక్రాంతి దగ్గర పడేసరికి చలి పెరిగింది. నిన్న పొద్దున కాస్త ముందే వచ్చి చూస్తే, రెండు సిమెంటు సంచులు విప్పి కింద పరుచుకుంది. పైన కప్పుకుంది చీర కొంగే. పక్క షాపుల వాళ్లు "ఏదన్నా అయితే కేసు నీ మీదికే వస్తది, పంపించెయ్" అంటున్నారు. ఇంట్లో మా అమ్మేమో పంపితే ఊరుకోనంటోంది. నాకు రెండు వైపులా టెన్షన్. ఇలాంటివాళ్లకు ప్రభుత్వం తరఫున ఉండే చోటు ఏదైనా ఉంటుందా? ఎవరికి ఫోన్ చేయాలి? ఆధార్ కూడా లేదంటోంది.

హంటర్ రోడ్డు:
100కు ఫోన్ కొట్టి చెప్పు, వాళ్లే చూసుకుంటారు. మనకెందుకు లేని లొల్లి.

ములుగు రోడ్డు ఆటో:
అన్నా, ఎక్కడికి పోవాలని ఉందో ఆమెను అడిగావా? మూడేళ్ల కింద నేనూ ఇట్లనే పుణ్యం అనుకొని, మా స్టాండు దగ్గర పడుకునే ఒక తాతను ఎక్కించుకొని ఊరి బయట ఒక ఆశ్రమం దగ్గర దించి వచ్చాను. నాలుగో రోజు పొద్దున చూస్తే మళ్లీ స్టాండులోనే ఉన్నాడు. పద్దెనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చాడట. "నా చెప్పులు కుట్టే డబ్బా ఈడనే ఉండె కదరా" అన్నాడు. పక్క చాయ్ హోటల్లో దాచుకున్నాడు, నాకేం తెలుసు. నేను అడగలేదు కదా.

కరీమాబాద్ ఆర్పీ:
తమ్ముడూ, నేను మెప్మాలో, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని). బోర్డుల మీద "పట్టణ నిరాశ్రయుల వసతి గృహం" అని రాస్తారు, జనం నైట్ షెల్టర్ అంటారు. ఆ పేరుతోనే చిక్కు వచ్చింది, రాత్రి పడుకోనిచ్చి పొద్దున్నే పంపేస్తారని అందరూ అనుకుంటారు. అలా కాదు. ఐదు లక్షల జనాభా దాటిన ఊళ్లలో లక్ష మందికి ఒక షెల్టర్ చొప్పున ఉండాలని, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచే ఉంచాలని 2010లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. తర్వాత 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో దానికి కొలతలు కూడా పెట్టారు. ఒక్కో షెల్టర్‌లో 50 నుంచి 100 మంది, మనిషికి 50 చదరపు అడుగులు. అంటే ఒక మంచం, పక్కన మూట, కాలు చాపుకోవడానికి జాగా.

కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి మెప్మా విభాగం ఎక్కడని అడుగు. ఫోన్లో అడిగితే "చూస్తాం" అంటారు, ఎదురుగా నిలబడితే ఎవరో ఒకరు లేచి చెప్తారు. మూడు సంగతులు కనుక్కో. ఆడవాళ్లకు వేరే గది ఉందా, మూట పెట్టుకోవడానికి తాళం ఉన్న చోటు ఉందా, బాత్రూం కిందే ఉందా మెట్లెక్కాలా. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు మెట్లు చెప్తే ఆ రాత్రికే తిరిగి వస్తుంది.

ఆధార్ లేదని గేటు దగ్గర ఆపితే ఊరుకోకు. అసలు ఎప్పుడూ తీయించుకోలేదా, కార్డు పోయిందా అడుగు. పోయింది అయితే ఆధార్ సెంటర్‌లో వేలిముద్రతోనో, కంటిపాపతోనో పాత నంబరు దొరుకుతుంది. పని చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి, కన్నే పెట్టించు. అసలే లేకపోతే గుర్తింపు ఉన్న షెల్టర్ నడిపేవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్‌తో కొత్తది తీస్తారు.

శివనగర్ కిరాణం:
థాంక్స్ అక్కా. అన్న చెప్పినట్టు ఇవాళ ఆమెతో మాట్లాడాను. చాయ్ ఇస్తే ముందు వద్దంది. మా అమ్మ వచ్చి పక్కన కూర్చున్నాకే తాగింది. హసన్‌పర్తి వైపు ఒక ఊరట. రెండు గదుల ఇల్లు, పెంకులది. భర్త పోయాక కొడుకు పేరు మీద రాసిచ్చింది. కొన్నాళ్లకు కొడుకు ఆ ఇల్లు కూలగొట్టి స్లాబు వేస్తానని, కట్టేదాకా పెద్దమ్మ కూతురింట్లో ఉండమన్నాడు. స్లాబు పడింది. ఈమెను మాత్రం పిలవలేదు. ఆ అక్క ఇంట్లో ఎన్నాళ్లుంటుంది? ఒకరోజు అన్నం దగ్గర ఏదో మాట వచ్చిందట, లేచి వచ్చేసింది.

"నా కొడుకు మంచోడే బిడ్డా, పైసలకు తిప్పలైతాంది" అంటోంది. షెల్టర్ సంగతి చెప్తే "నేను దిక్కులేనిదాన్నా, నాకు ఇల్లుంది" అంది. మూటలో ప్లాస్టిక్ కవర్లో రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్స్ ఉంది. పైన "దాన సెటిల్మెంట్" అని ఉంది. దాంతో ఏమన్నా అవుతుందా?

కాజీపేట రిటైర్డ్ సారు:
ఆ అవ్వ చెప్పిన మాటతో నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2011 జనాభా లెక్కలప్పుడు మా టీచర్లకు డ్యూటీ పడింది. ఇళ్లు ముందే తిరిగేశాం. ఇళ్లు లేనివాళ్లను మాత్రం ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారే లెక్కపెట్టాలి, దేశమంతా అదే రాత్రి. ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు, మెట్ల కింద, డ్రైనేజీ పైపుల్లో ఎక్కడ పడుకుంటే అక్కడే. టార్చిలైటు పట్టుకుని స్టేషన్ చుట్టుపక్కల తిరిగాను. ఒకాయన దుప్పటి తీయకుండానే "నన్ను రాయకండి సార్, నాకు ఇల్లుంది" అన్నాడు. అందరిదీ అదే మాట. ఇల్లుంది, వెళ్లడానికే లేదు. దేశం మొత్తం మీద ఆ లెక్కలో 17.7 లక్షల మంది తేలారు. "ఇల్లుంది" అన్నవాళ్లలో ఎందరు తప్పిపోయారో నాకు ఇప్పటికీ అనుమానమే.

హంటర్ రోడ్డు బాబుకు ఒక మాట. అరుగు మీద పడుకోనిచ్చినందుకు ఎవరి మీదా కేసు ఉండదు నాయనా. అనాథగా వదిలేసిన కొడుకు మీదైతే ఉంటుంది.

హన్మకొండ కోర్టు వకీలు:
సారు అన్నది 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి. 24వ సెక్షన్‌లో మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా ఉంది. కానీ కిరాణం తమ్ముడూ, దాన్ని ముందు పెట్టకు. కొడుకు జైలుకు పోతాడని వింటే ఆ తల్లి కాగితం మీద వేలు పెట్టదు. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి తల్లులంతా ఆ మాట దగ్గరే వెనక్కి తగ్గారు.

ముందు పోషణ అడగండి. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు. ఆమె రాయలేకపోతే, ఆమె ఒప్పుకుంటే ఆమె తరఫున నువ్వే ఇవ్వొచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం ఉంది. కొడుక్కి నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి. ఈలోపు తాత్కాలికంగా నెలకింత ఇవ్వమని కూడా అడగొచ్చు, ఆ వాక్యం మర్చిపోకుండా రాయి. వకీలు అక్కర్లేదు. వకీళ్లు రాకూడదని చట్టంలోనే రాశారు. దాని మీద మా వాళ్లు హైకోర్టుల దాకా వెళ్లి కొట్లాడారు, ఆ గొడవ నీకెందుకు.

ఇల్లు సంగతి 23వ సెక్షన్. చూసుకుంటాడనే షరతు మీద ఆస్తి ఇచ్చి, చూసుకోకపోతే ఆ దానపత్రం చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. చిక్కల్లా ఆ షరతు దగ్గరే. అది ఉన్నట్టు చూపించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పులో, ఈ చట్టం పెద్దవాళ్ల మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చదవాలంది. అందుకే జిరాక్స్‌లో రెండో పేజీ, మూడో పేజీ నిదానంగా చదువు. "నా బాగోగులు చూసుకుంటానని ఒప్పుకున్నందున" లాంటి వాక్యం ఒక్కటి దొరికినా బలం. ఇలాంటి పత్రాల్లో డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా ఆ లైను కొడుతుంటారు, ఇక్కడ అదే పనికొస్తుంది.

పిఠాపురం:
మాది ఇటు కాదు కానీ, ఆవిడ ఫొటో పెడితే మా గ్రూపుల్లో షేర్ చేస్తాం. దాతలు దొరుకుతారు.

ములుగు రోడ్డు ఆటో:
ఫొటో వద్దన్నా. ఆమె ఊరి వాళ్ల ఫోన్లోకి పోతే ఇంకేమన్నా ఉందా. కొడుకుతో మాట కలిసే దారి కూడా మూసుకుపోతది.

కరీమాబాద్ ఆర్పీ:
ఫొటో వద్దు. చద్దరు పంపాలనుకుంటే కిరాణం తమ్ముడికి చెప్పండి.

తమ్ముడూ, 14567 పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. కొడుకుతో మాట్లాడించే పని కూడా వాళ్లు చేస్తారు. చాలాసార్లు బయటివాళ్ల ఫోన్ వస్తే చాలు, కొడుకులకు పరువు గుర్తొస్తుంది. వకీలుగారి దారికి ముందు ఇది ఒకసారి చూడు.

కాజీపేట బ్రిడ్జి దగ్గర:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. జుట్టు జడలు కట్టింది, తనలో తను మాట్లాడుకుంటాడు, రోడ్డుకు అడ్డం వస్తాడు. అతనికీ షెల్టరేనా?

హన్మకొండ కోర్టు వకీలు:
అతనికి ముందు డాక్టరు కావాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, 100వ సెక్షన్. పోలీసులు అతన్ని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చూపించాలి, తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతకాలి. అది ఎస్‌హెచ్‌వో, అంటే ఆ పోలీస్ స్టేషన్ అధికారి బాధ్యత అని చట్టంలోనే ఉంది. స్టేషన్‌లో సెక్షన్ నంబరు చెప్పి అడగండి, మాట తీరే మారుతుంది.

హంటర్ రోడ్డు:
నేను ఊరికే అన్నాను, ఏమనుకోకండి. ఒక డౌటు. ఊరు మొత్తానికి ఎన్ని షెల్టర్లు ఉండాలి మరి?

కాజీపేట రిటైర్డ్ సారు:
లక్షకు ఒకటి అన్నారు కదా. మన వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లు కలిపితే జనాభా ఎనిమిది లక్షలు దాటి ఎప్పుడో అయింది. లెక్క నువ్వే వేసుకో బాబూ. ఎన్ని నడుస్తున్నాయి, ఒక్కోదాంట్లో ఎందరు ఉంటున్నారు, ఆడవాళ్లకు ఎన్ని అని సమాచార హక్కు కింద కార్పొరేషన్‌ను అడుగు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నీకు ఖాళీ ఉన్నట్టుంది కదా, ఈ పని నువ్వే చెయ్యి.

ఇంకోటి. ఇల్లు లేకపోతే ఓటు ఉండదనుకుంటారు. ఓటరుగా చేరే ఫారం 6లో పడుకునే చోటు రాస్తే బీఎల్‌వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట వచ్చి చూడాలి. ఒక రాత్రి కాదు, ఒకటికి మించి. అక్కడే పడుకుంటున్నట్టు తేలితే అడ్రస్ కాగితం అడగకూడదు. నేను బీఎల్‌వోగా చేసినప్పుడు అలా ముగ్గురిని రాశాను.

శివనగర్ కిరాణం:
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను.

హెల్ప్‌లైన్ వాళ్లు కొడుకుతో మాట్లాడారు. "పంపించండి, చూసుకుంటా" అన్నాడట. అవ్వకు చెప్తే రెండు రోజులు మా షాపు ముందే మూట కట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. మూడో రోజు సాయంత్రం తనే అంది, "ఆ షెల్టరు ఎట్లుంటదో చూసొద్దాం పా" అని. మా అమ్మ, నేను తీసుకెళ్లాం. ఆడవాళ్లకు వేరే గది ఉంది. మంచం మీద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. బాత్రూం తలుపుకు గడియ పడుతుందా అని రెండుసార్లు వేసి చూసింది. అక్కడ ఉన్నవాళ్లలో ఒకామె మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే పనికి పోతుందట. ఈమె కూడా పోతానంటోంది, నేనే ఈ చలి తగ్గనీ అన్నాను.

మూట మాత్రం అక్కడ పెట్టనంది. కాగితాలున్న కవరు మా షాపులో గల్లా కింద పెట్టమంది. సరే అంటే "చీటీ రాసియ్యి" అంది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. చదవకుండా ఒకసారి వేలిముద్ర వేసి ఇక్కడికొచ్చిన మనిషి కదా. కిరాణం బిల్లు బుక్కులోనే రాసి, సంతకం పెట్టి చింపి ఇచ్చాను. మడిచి రైకలో పెట్టుకుంది.

వకీలుగారూ, మీరు చెప్పిన లైను దొరికింది. రెండో పేజీ కింద, "నన్ను జీవితాంతం పోషించే నిమిత్తం". పోషణకు దరఖాస్తు ఇస్తానని ఒప్పుకుంది, ఇల్లు సంగతి ఇప్పుడే వద్దంది. రెండు డౌట్లు. ఆమె అడ్రస్ ఏం రాయాలి? వరంగల్ ఆర్డీవోనా, హన్మకొండ ఆర్డీవోనా?

హన్మకొండ కోర్టు వకీలు:
2021లో జిల్లాల పేర్లు మార్చినప్పటి నుంచి ఈ తికమక అందరికీ ఉంది. ఆమె ఇప్పుడు ఉంటున్న చోటైనా, ఇంతకుముందు ఉన్న చోటైనా, కొడుకు ఉన్న చోటైనా ఇవ్వొచ్చు. హసన్‌పర్తి హనుమకొండ జిల్లాలోకి వస్తుంది, అక్కడే ఇవ్వండి. నోటీసు త్వరగా అందుతుంది. అడ్రస్ దగ్గర షెల్టర్ పేరు రాసి, కింద కేరాఫ్ మీ షాపు రాయండి. ఉత్తరం షెల్టర్‌లో ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. ఇల్లు వద్దంటే వద్దు. ఆమె ఎప్పుడు అడిగితే అప్పుడు ఇంకో దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిరాక్స్‌కు ఇంకో రెండు జిరాక్సులు తీయించండి. ఇచ్చిన దరఖాస్తు కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటర్ వదలొద్దు. ఎక్కడైనా ఆగిపోతే 15100, న్యాయ సేవాధికార సంస్థది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా పెడతారు.

శివనగర్ కిరాణం:
సోమవారం పోదామనుకుంటున్నా. షాపు అమ్మ చూసుకుంటుంది.

ములుగు రోడ్డు ఆటో:
తొమ్మిదిన్నరకు షెల్టర్ కాడికి నేనొస్తా అన్నా, కిరాయి మాట తీయకు. కళ్లద్దాలు ఉంటే పెట్టుకొమ్మను. ఆ చీటీ కూడా తెచ్చుకొమ్మను, నీ గల్లా కింది కవరు కావాలి కదా.