కోత లేకుండా ఎండోమెట్రియోసిస్ అని తేల్చవచ్చా?

ఉదయగిరి_అమ్మ: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, పెళ్ళి కాలేదు. నెలసరి వచ్చిన ప్రతిసారీ వాంతులతో మంచం పడుతోంది, ఆ రోజుల్లో విరేచనానికి వెళ్ళాలన్నా నొప్పే. పొట్ట మీద నుంచి చేసిన స్కానింగులో ఏమీ లేదని రాశారు. నెల్లూరులో ప్రైవేటు వైద్యురాలు ల్యాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్) చేయనిదే ఏమీ చెప్పలేమన్నారు. మా పీహెచ్‌సీ డాక్టరు గారేమో లక్షణాలు ఎండోమెట్రియోసిస్‌వే, మాలా-ఎన్ హార్మోన్ మాత్రలు మొదలుపెడదామంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాత_ఫార్మసిస్టు: గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడమే ఈ జబ్బు. దాన్ని కంటితో చూసి, ముక్క తీసి పరీక్షకు పంపకుండా పేరు పెట్టడం ఊహ మాత్రమే. మొదటి నుంచీ ల్యాపరోస్కోపీయే దీనికి ప్రమాణం.

స్కానింగ్_గది: ఆ ప్రమాణం మారింది. ఐరోపా సంతాన వైద్యుల సంఘం ఎష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, స్కానింగులో గాని ఎంఆర్ఐలో గాని ఏమీ కనబడనప్పుడు, లేదా మందులు పనిచేయనప్పుడు, మందులు తగనప్పుడు మాత్రమే ల్యాపరోస్కోపీ గురించి ఆలోచించాలి. అండాశయంలోని చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి), పేగు దగ్గర లోతుగా పాతుకున్న జబ్బు, యోని ద్వారా చేసే స్కానింగులో చేయి తిరిగినవారికి కనబడతాయి. పొత్తికడుపు పొర మీది పలుచని మచ్చలు మాత్రం సాధారణంగా కనబడవు. పెళ్ళికాని పిల్లలకు మన వైపు ఆ పద్ధతిలో చేయరు కనుక పొట్ట మీద నుంచి కనబడేది ఇంకా తక్కువ. 'నార్మల్' అన్న రిపోర్టు చూసి జబ్బు లేదనుకోకూడదు.

కందుకూరు_మామ: పెళ్ళి చేసి ఒక కాన్పు కానివ్వండి, అదే సర్దుకుంటుంది. అనుమానముంటే సీఏ-125 రక్తపరీక్ష చేయించండి.

స్కానింగ్_గది: కాన్పుతో నయమవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. సీఏ-125 నెలసరిలోనూ పెరుగుతుంది, టీబీలోనూ పెరుగుతుంది, ఈ జబ్బు ఉన్నా పెరగకపోవచ్చు.

పాత_ఫార్మసిస్టు: స్కానింగులో కనబడదు, రక్తంలో తేలదు అని మీరే ఒప్పుకున్నారు. ఇక మిగిలింది మాత్ర వేసి చూడడమే. మామూలు నెలసరి నొప్పీ, అడినోమయోసిస్ (ఆ పొర గర్భసంచి కండరంలోకే పెరగడం) నొప్పీ కూడా ఆ మాత్రలకే తగ్గుతాయి కదా, అది సాక్ష్యమెలా అవుతుంది? మన దేశంలో జననాంగాల టీబీ కూడా పొత్తికడుపు నొప్పితోనే రావచ్చు. దాన్ని హార్మోన్లతో కప్పిపెడితే జవాబుదారీ ఎవరు?

కనిగిరి_ఆడబిడ్డ: సాక్ష్యం కోసం ఎదురుచూస్తూనే నా చదువు ఆగిపోయింది. వెళ్ళిన ప్రతి చోటా ఆపరేషన్ చేస్తే గాని చెప్పలేమన్నారు. ఒంగోలులో ఉండి చేయించుకోవాలంటే మా నాన్న కూలి పోతుంది, కడుపుకు కోత పడిందని తెలిస్తే సంబంధాలు రావని మా అమ్మ భయం. చివరికి ఒక వైద్యురాలు డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర రాశాకే మంచం దిగాను. ముక్క పరీక్ష జరగలేదు కనుక నాది ఊహేనంటారా?

పాత_ఫార్మసిస్టు: నొప్పి ఊహ అనలేదు, జబ్బు పేరు ఊహ అన్నాను. తేడా గమనించండి.

కనిగిరి_ఆడబిడ్డ: మగవాడు గుండె నొప్పి అంటే రొమ్ము కోసి చూశాకే మందు ఇస్తున్నారా? ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికే మీకు ఇన్ని రుజువులు కావాలి!

పాత_ఫార్మసిస్టు: అయితే వినండి. మా చెల్లెలికి ముప్పై నిండకముందే ఒక నర్సింగ్ హోములో లక్షణాలు విని, పేరు పెట్టి, గర్భసంచి తీసేశారు. బయాప్సీ రిపోర్టు అడిగితే ఇవ్వలేదు, నొప్పీ పోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే మన రాష్ట్రంలో 8.9 శాతం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. ఈ గడ్డ మీద ఊహతో పెట్టిన పేరు ఎక్కడికి దారితీస్తుందో నేను ఇంట్లోనే చూశాను.

స్కానింగ్_గది: ఇంతసేపూ మీరు ల్యాపరోస్కోపీ గురించి మాట్లాడుతున్నారనుకున్నాను. కాగితం మీద పేరు పడితే రేపు ఎవరో దాన్ని చూపించి గర్భసంచి తీసేస్తారన్నది మీ భయం. అది సబబైన భయమే. అందుకే చీటీలో 'అనుమానం' అని స్పష్టంగా రాయించుకోవాలి. జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో టీబీ ఉన్నాయా అని ముందే విచారించాలి. మూడు నెలలలో గుణం లేకపోతే నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాలి.

పాత_ఫార్మసిస్టు: మూడు నెలలకు ఆ డాక్టరు బదిలీ అయిపోతే చూసేదెవరు?

కనిగిరి_ఆడబిడ్డ: ఆపరేషన్ తరువాత కూడా ఈ జబ్బు తిరిగి వస్తుంది. అప్పుడు చూసేదెవరు?

ఉదయగిరి_అమ్మ: మాలా-ఎన్ పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర కదా, పెళ్ళికి ముందే వాడితే తరువాత ఇబ్బంది రాదా?

స్కానింగ్_గది: రాదమ్మా, మానేస్తే నెలసరి మళ్ళీ మామూలవుతుంది. అయితే అందులో ఈస్ట్రోజన్ ఉంది. రక్తపోటు చూశారా? తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు వస్తాయా? ఇంట్లో ఎవరికైనా కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా? వీటిలో ఏది ఉన్నా ఆ మాత్ర మొదలుపెట్టకండి, ఈస్ట్రోజన్ లేని మందు గురించి డాక్టరు గారిని అడగండి.

ఉదయగిరి_అమ్మ: రక్తపోటు చూశారు, బాగానే ఉంది. తలనొప్పి సంగతి ఎవరూ అడగలేదు. అమ్మాయి కాలేజీ నుంచి రాగానే కనుక్కుని రాస్తాను.