"అడుగిడదు జడిమ": ఇక్కడ భయమా, బిగుసుకుపోవడమా?

కొలతలబాబు: పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల నడకను సెన్సర్లతో కొలిచే పని నాది. నడుస్తూనే పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతారు, ఫ్రీజింగ్ అంటాం. తెలుగు ప్రశ్నావళిలో ఏం రాయాలా అనుకుంటుంటే పోతన గజేంద్రమోక్షంలో, ఏమీ చెప్పకుండా పరుగెత్తిన విష్ణువు వెనక లక్ష్మీదేవి నడక గుర్తొచ్చింది. "వెడవెడ చిడిముడి తడబడ నడుగిడు నడుగిడదు జడి... నడుగిడు నెడలన్". జడిమా, జడిసా?

కందప్రియ: జడిమే. గరిమ, మహిమల వరసలోది. జడత్వం. మీకు ఇంతకంటే మంచి మాట దొరకదు.

పాతపుస్తకం: మా తాతగారు "జడిసి" అనే చదివేవారు. అడిగితే చెప్పడేమోనని ఆవిడ జంకు. రెండూ మూడేసి లఘువులే, గణాలకు ఇబ్బంది లేదు.

కందప్రియ: గణాలు సరే, నకారం ఎక్కడిది? క్త్వార్థక ఇకారానికి, అంటే "జడిసి", "చేసి" లాంటి మాటల చివరి ఇకారానికి, సంధి లేదు. "జడిసి యడుగిడు" అవ్వాలి. యతి గల్లంతు!

పాతపుస్తకం: ఎందుకు గల్లంతు? పాదం మొదట్లోదీ "తడబడన్ + అడుగిడు"యే. అకారానికి అకారం, స్వరయతి.

కొలతలబాబు: అర్థంలో ఇద్దరి మాటా నిలుస్తుందేమో. గుమ్మం దాటేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు ఆగిపోతారు. టెన్షన్ పడితే ఇంకా ఎక్కువ. 2008లో స్టీవెన్ మూర్ బృందం కాలికి సెన్సర్ కట్టి, 3–8 హెర్ట్జ్ (అంటే సెకనుకు 3–8 ఊపులు) మధ్య కదలికల బలాన్ని మామూలు నడక ఉండే 0.5–3 హెర్ట్జ్ బలంతో పోల్చింది. ఆ నిష్పత్తి ఒక హద్దు దాటితే ఫ్రీజింగ్. అడుగు పడకపోయినా కాళ్లు సన్నగా వణుకుతుంటాయి కాబట్టి అది పట్టుబడుతుంది. వణుకు కూడా లేకుండా బిగుసుకుపోతేనే చిక్కు. ఊరికే నిలబడ్డ మనిషికీ ఇతనికీ తేడా ఆ లెక్కకు అందదు.

గోదారిగట్టు: చూశారా, పోతన రెండూ చెప్పాడు! "చిడిముడి తడబడ" వణుకు రకం, "జడిమ" బిగుసుకున్న రకం.

కందప్రియ: చిడిముడి అంటే తొట్రుపాటండీ, వణుకు కాదు. పోతనకు హెర్ట్జులు అంటగట్టకండి. విష్ణువు పరుగుకు "సిరికిం జెప్పడు" మత్తేభం, లక్ష్మీదేవి తడబాటుకు డకారాల కందం. అసలు చూడాల్సింది అది.

కొలతలబాబు: ఒప్పుకుంటాను గానీ, "మీకు జడిమ వస్తుందా?" అని అడిగితే పెద్దాయన ఏమనుకుంటాడు? "కాళ్లు పట్టేస్తాయా" అందామా?

గోదారిగట్టు: వద్దు. పిక్క పట్టేసిందనుకుని నొప్పికి మార్కులేస్తారు. మావైపు "అడుగు పడట్లేదు" అంటారు.

కందప్రియ: నీరసంగా ఉన్నా అడుగు పడదు. అప్పుడెలా తేల్చుకుంటారు?

పాతపుస్తకం: అది డాక్టర్లు చూసుకుంటారు లెండి. రెండో పాదంలో "అడిగిన దను మగుడ"నా, "దన మగుడ"నా? పాత ప్రతులున్నవాళ్లు ఫొటో పెట్టండి.