పెరట్లో పర్మనెంటుగా సినిమా తెర: కట్టించినవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు:
తణుకు దగ్గర మాది పాత ఇల్లు. పశువుల పాక తీసేశాక వెనక పెరడు ఖాళీగా పడి ఉంది, 30 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు. తెర, స్పీకర్లు, కూర్చోడానికి అరుగులు అన్నీ అక్కడ పర్మనెంటుగా కట్టించేద్దామని ఉంది. సంక్రాంతికి ఇరవై మంది దిగుతారు, హాల్లో టీవీ ముందు తొక్కిసలాటే. పడమటి ప్రహరీ 6 అడుగుల ఎత్తుంది. దానికే తెల్లరంగు వేస్తే సరిపోతుందా? ప్రొజెక్టర్‌కి గూడు కట్టించి అందులోనే వదిలేయొచ్చా? నాన్నగారేమో "నవమి పందిట్లో రోడ్డుకి అడ్డంగా తెర కట్టి వేసేవాళ్లు, అటు కూర్చున్నవాళ్లకి పేర్లు తిరగబడి కనిపించేవి, అయినా చూశాం. దీనికింత హంగామా దేనికి" అంటున్నారు.

మేస్త్రీమనవడు:
పడమటి గోడ దొరకడం మీ అదృష్టం. తెర తూర్పుకి చూస్తుంది కాబట్టి పొద్దు గుంకాక ఆకాశంలో మిగిలే వెలుతురు దాని మీద నేరుగా పడదు. మాది తూర్పు గోడ, వేసవిలో ఏడున్నర దాకా బొమ్మ పాలిపోయే ఉంటుంది.

కానీ 6 అడుగులు చాలవు. 120 అంగుళాల తెరంటే దాదాపు 8 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 4 అడుగుల 11 అంగుళాల ఎత్తు. ముందు వరస తలకాయలు అడ్డు రాకుండా కింద 3 అడుగులు వదిలితే పైఅంచు 8 అడుగులకి పోతుంది. అలాగని ఉన్న గోడనే రెండడుగులు లేపేయకండి. నేను లేపాను. పిల్లర్లు లేని నాలుగంగుళాల గోడ, మొదటి గాలివానకే పక్కింటివాళ్ల వైపు ఒరిగింది. మళ్లీ పడగొట్టించి, తెరకి రెండు వైపులా పునాది నుంచి పిల్లర్లు లేపించాను. పైన పుట్టీ పెట్టి మెరుపు లేని తెల్ల ఎమల్షన్, చుట్టూ నాలుగంగుళాల నల్ల పట్టీ. ఆ నల్ల అంచుతో బొమ్మకి వచ్చే కళ వేరు.

చీరాలగాలి:
ప్రొజెక్టర్‌ని బయట వదలకండి బాబోయ్. ఇనప పెట్టె చేయించి, తాళం వేసి, జాలీ పెట్టి వదిలేశాం. వానాకాలం అయ్యాక తెరిస్తే లెన్సు మీద బూజు, లోపల బల్లిగుడ్లు, ప్లగ్గులో ఎర్రచీమల పుట్ట. ఇప్పుడు స్తంభానికి స్టాండు మాత్రమే ఉంచాం. ప్రొజెక్టర్ బీరువాలో ఉంటుంది, తెచ్చి పెట్టడం రెండు నిమిషాల పని. కదలకుండా గుర్తులు గీసుకున్నాం కాబట్టి ప్రతిసారీ సర్దుకునే బాధ లేదు.

ఇంకోటి, డబ్బా మీద 9000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి చవగ్గా అమ్మేవాటి జోలికి పోకండి. ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు, ఎన్నో చూడండి. చీకటి పడ్డాక 120 అంగుళాలకి 3000 ఆన్సీ ధారాళం.

ఓరుగల్లువైరు:
అన్నా, కరెంటు సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను చేసే పని ఇదే. నేల చదును చేసేటప్పుడే రెండడుగుల లోతున పైపులు వేయించండి. కరెంటుకి ఒకటి, స్పీకర్ తీగలకి, బొమ్మని ప్రొజెక్టర్‌కి మోసే హెచ్‌డీఎంఐ తీగకి ఇంకోటి. రెండూ ఒకే పైపులో తోస్తే స్పీకర్‌లో గుయ్యిమంటది. గచ్చు పోశాక గుర్తొచ్చి పగలగొట్టించినోళ్లను చానామందిని చూసిన. ఖాళీ పైపు ఒకటి ఎక్కువ వేయండి, లోపల నైలాన్ తాడు వదలండి.

తడి నేల, చెప్పుల్లేని పిల్లలు. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలె, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. సాకెట్లు మూత ఉన్న, దుమ్ము, నీళ్ల జల్లు చొరని ఐపీ 65 రకం. హెచ్‌డీఎంఐ 10, 15 మీటర్లు దాటితే మామూలు రాగి తీగ 4కే బొమ్మని మోయలేదు, ఫైబర్‌ది కొనాలె. దానికి ఓ కొస టీవీ వైపు, ఓ కొస ప్లేయర్ వైపు అని రాసి ఉంటది. తిప్పి పెడితే బొమ్మ రాదు. పైపులో దూర్చే ముందే చూసుకోండి.

డాలస్‌దొడ్డి:
మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. ఇక్కడ తంటా వేరే. జూన్ చివర్లో సూర్యాస్తమయం 8:40కి, తొమ్మిదింపావుకి గానీ సినిమా మొదలవదు. సగం అవ్వకుండానే పిల్లలు పడకేస్తారు. బిగించిన గుడ్డ తెర వసంతంలో వచ్చే గాలికి తెరచాపలా ఉబ్బి, ఫ్రేముతో సహా ఫెన్సు మీద పడింది. ఇప్పుడు స్టీలు ఫ్రేము ఒక్కటే పర్మనెంటు, గుడ్డ విప్పి చుట్టేస్తాం. శాశ్వతంగా ఏది కట్టాలన్నా మా కాలనీ సంఘం అనుమతి కావాలి, దానికే రెండు నెలలు పట్టింది. మీకా బాధ లేదు, కట్టుకోండి హాయిగా.

వేపచెట్టుకింద:
కూర్చునేచోటు గురించి నేను చెప్తాను. ముచ్చటపడి అరుగులకి నల్ల నాపరాళ్లు పరిపించాం. పగలంతా కాగి రాత్రి తొమ్మిదిదాకా సెగ, మే నెలలో ఎవ్వరూ కూర్చోలేదు. ఇప్పుడు వెనక వరసకి మాత్రం అడుగు ఎత్తు గట్టు, ముందు ఈతచాపలు, పెద్దవాళ్లకి నవారు మంచం. నేల టికెట్టు కోసమే కొట్టుకుంటారు మా పిల్లలు.

తొలకరి పడ్డ వారం ఆటలు మానేయండి. ఉసిళ్లు ఆ వెలుగు చూసి వచ్చి తెరంతా పట్టేస్తాయి, తెల్లారి రెక్కలు ఊడ్చుకోవాలి.

సౌండుకి తెర దగ్గర పెద్ద డబ్బాలొద్దు. కూర్చున్నవాళ్లకి రెండు పక్కలా చిన్న స్పీకర్లు పెట్టి తక్కువలో వినండి. ఊళ్లో గొడవలొచ్చేది బేస్ దగ్గరే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి రూల్సు. నేనైతే రూలు దాకా రానివ్వను, పక్కింటావిడకి కూడా ఓ కుర్చీ వేస్తాను. మొదట కంప్లయింట్ చేస్తానన్నావిడే, ఇప్పుడు మరమరాలు తెస్తుంది.

చీరాలగాలి:
గోడకి పైసా పెట్టేముందు ఒక దుప్పటి కట్టి, ఎవరిదైనా ప్రొజెక్టర్ తెచ్చి ఒక్క రాత్రి చూడండి.

గోదారిగట్టు:
మీ మాట విని ఆదివారం దుప్పటి కట్టాం. ఎనిమిదైనా తెర సగం తెల్లగా వెలిసిపోయే ఉంది. చూస్తే వీధి దీపం! స్తంభం మా గేటు పక్కనే, వెలుగంతా పెరట్లోకే. నాన్నగారు మాత్రం ఆ మసక బొమ్మే చివరిదాకా చూశారు, లేవలేదు. దీపానికి అడ్డంగా అరటిమొక్కలు వేస్తే సరిపోతుందంటారా?

మేస్త్రీమనవడు:
అరటి వద్దు. గాలికి ఆకు ఊగిందా, నీడ తెర మీద డాన్సు చేస్తుంది. ఆ వైపు ఇనప కమ్మీలతో పందిరి లేపి, వెనక తాటాకు దడి కట్టించండి. పైపుల పని మాత్రం ఈలోపే కానివ్వండి.