క్రోమ్‌లో బాగుంటే చాలదా?

భవానీనగర్ డిజైనర్:
తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జికి గదుల బుకింగ్ సైటు చేసిచ్చాను. ఐఫోన్‌లో మొత్తం సొమ్ము కనబడటం లేదు, పాత ఫోన్లలో పేజీ చెదిరిపోతోంది అని యజమాని రోజూ ఫోను. కొటేషన్‌లో ‘క్రోమ్‌కు మాత్రమే’ అని రాసే ఇచ్చాను. ఆయనిచ్చే డబ్బుకు ప్రతి బ్రౌజర్‌లోనూ సరిచూడాలనడం న్యాయమా?

కపిలతీర్థం వాసి:
వచ్చేవాళ్లు భక్తులండీ. చెన్నై నుంచో బెంగళూరు నుంచో, చేతిలో ఉన్న ఫోనుతోనే గది వెతుక్కుంటారు. పైగా మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల పేజీని చూపించేది ఆపిల్ సొంత బ్రౌజర్ సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే. ఆపిల్ పెట్టిన నిబంధన అది. మీ షరతు అక్కడే వీగిపోయింది.

చిత్తూరు పాతకాపు:
అన్ని బ్రౌజర్లలోనూ పనిచేయాలంటూ వెబ్ ప్రమాణాల (బ్రౌజర్లన్నీ పాటించాల్సిన ఉమ్మడి నియమాల) పేరుతో కుర్రాణ్ణి బెదిరించకండి. ఎక్కువమంది వాడేదే చివరికి ప్రమాణం అవుతుంది. పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకునే పద్ధతిని ముందు మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌లో పెట్టింది, మిగతావాళ్లు అనుకరించారు, ప్రమాణం ఆ తర్వాత వచ్చింది. 2019లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అంతటి సంస్థే, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణాన్ని బ్రౌజర్ కంపెనీల బృందానికి వదిలేసింది కదా!

కపిలతీర్థం వాసి:
ఆ బృందంలో ఉన్నది ఒక్క కంపెనీ కాదు సార్, ఆపిల్, మొజిల్లా కూడా ఉన్నాయి. ఒక్క బ్రౌజర్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఒకప్పుడు కొన్ని తెలుగు పత్రికల సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే చదవడానికి వచ్చేవి, ఇంకెందులో తెరిచినా పిచ్చి గీతలే. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా ఆ సైట్లు దాన్ని పట్టించుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే స్వస్తి చెప్పింది.

డిజైనర్ గారూ, మీ కోడ్‌లో తేదీ ఎలా రాశారు?

భవానీనగర్ డిజైనర్:
‘2024-05-10 14:00’ అని. క్రోమ్ ఏ పేచీ లేకుండా తీసుకుంటోంది.

కపిలతీర్థం వాసి:
అనుకున్నాను! బ్రౌజర్‌లో నడిచే కోడ్ భాష జావాస్క్రిప్ట్ ప్రమాణం హామీ ఇచ్చే రూపంలో తేదీకీ సమయానికీ మధ్య ఖాళీ ఉండదు, ‘టీ’ అక్షరం ఉంటుంది. ఖాళీ ఉంటే ఏం చేయాలన్నది బ్రౌజర్ ఇష్టం. క్రోమ్ సర్దుకుపోతుంది, పాత సఫారీ చెల్లని తేదీ అంటుంది. తేదీ చెల్లకపోతే రోజుల లెక్క రాదు, లెక్క రాకపోతే అద్దె రాదు. ఒక్క అక్షరం మార్చడానికి బడ్జెట్ ఎందుకండీ? పాత ఫోన్లలో గ్రిడ్ (గదుల్ని అడ్డంగా, నిలువుగా గళ్లలో పేర్చే అమరిక) రాకపోతే గదులు ఒకదాని కింద ఒకటి రానివ్వండి. అందం తగ్గినా ‘బుక్ చేయండి’ బటన్ పనిచేస్తే చాలు.

చిత్తూరు పాతకాపు:
అక్షరం సంగతి ఒప్పుకుంటాను. కానీ అది దొరకాలంటే ఎవరో ఒకరు ఐఫోన్ పట్టుకుని కూర్చోవాలి కదా? ఆ కూలి యజమానే ఇవ్వాలి. ఏ.సీ. గదికి వేరే రేటు తీసుకునే మనిషికి ఆ లెక్క తెలియదంటే నేను నమ్మను.

భవానీనగర్ డిజైనర్:
‘టీ’ పెట్టాను, ఐఫోన్‌లో సొమ్ము వస్తోంది. పరీక్షకు వేరే బిల్లు పంపుతున్నాను, ఇస్తారో లేదో చూడాలి.