26 అంగుళాల మౌంటెన్ బైక్‌కి గట్టి వెనక చక్రం: రెడీమేడ్ కొనాలా, కట్టించుకోవాలా?

పెన్నాగట్టు (నెల్లూరు):

అందరికీ నమస్తే. నాది పాత 26 అంగుళాల మౌంటెన్ బైక్. అల్లాయ్ ఫ్రేమ్, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వెనక 7 గేర్ల ఫ్రీవీలు. నా బరువు 88 కిలోలు. మామూలు రోజుల్లో మైపాడు రోడ్డు, సెలవు దొరికితే పెంచలకోన, ఉదయగిరి వైపు రాళ్ల దారులు.

వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు ఒకదాని తర్వాత ఒకటి తెగుతున్నాయి. తెగినదాన్ని మార్చి బెండు తీయించిన కొద్ది రోజులకే దాని పక్కది పోతోంది. ఇప్పుడు ఇరుసు కూడా వంగింది. ఒక షాపాయన 13 గేజ్ మందం స్పోకులు వేస్తే ఇక తెగవన్నాడు. ఇంకొకాయన రిపేర్లు మానేసి ఆన్‌లైన్‌లో సీల్డ్ బేరింగ్ (మట్టి పోకుండా మూసి ఉన్న బేరింగ్) రెడీమేడ్ చక్రం తెప్పించుకోమన్నాడు. మా ఫ్రెండేమో హబ్బు (చక్రం నడిమి భాగం), రిమ్ము (బయటి వలయం) విడిగా కొని కట్టించుకో అంటున్నాడు. వెనక చక్రం ఒక్కదానికి ఎనిమిది వేల దాకా పెట్టగలను. కొండదారి మధ్యలో నన్ను దింపేయకుండా ఏళ్ల తరబడి నిలిచేది ఏది?

కొత్తపట్నం రోడ్ (ఒంగోలు):

రెడీమేడ్ తీసుకోండి బ్రదర్. డబుల్ వాల్ రిమ్ము (లోపల రెండు గోడలున్నది), సీల్డ్ బేరింగ్ హబ్బు, 32 స్పోకులు ఉన్న చక్రం మీ బడ్జెట్లో దొరుకుతుంది. పెట్టె విప్పి టైరు ఎక్కించుకుని వెళ్లిపోవడమే. విడిభాగాలు కొని కట్టించే పద్ధతి వినడానికి బాగుంటుంది గానీ, స్పోకు పొడవు రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే మొత్తం సెట్టు వృథా. తప్పు పొడవు అని కట్టేటప్పుడు గాని తెలియదు, అప్పటికి షాపువాడు వెనక్కి తీసుకోడు.

స్టోన్‌హౌస్‌పేట (నెల్లూరు):

బాబూ పెన్నాగట్టూ, ఏది కొనాలో తర్వాత చూద్దాం. నీ స్పోకులు ఎందుకు తెగుతున్నాయో ముందు తెలియాలి. లేకపోతే కొత్త చక్రమూ ఇలాగే పోతుంది. సైకిల్ పనిలోనే జుట్టు నెరిసింది కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

తెగిన స్పోకు తీసి చూడు. హబ్బు దగ్గర మెడ వంచిన చోటే తెగి ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు నేలను తాకే వైపున్న స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది, పైకి రాగానే మళ్లీ వస్తుంది. ప్రతి చుట్టుకీ ఇదే. మొదటే గట్టిగా బిగించి ఉంటే ఆ తగ్గుదల వల్ల ఏమీ కాదు. వదులుగా ఉంటే మాత్రం స్పోకు బిగువు పూర్తిగా పోయి, మళ్లీ లాక్కుంటుంది. ఆ మెడ దగ్గర లోహం అలసిపోయి చివరికి విరుగుతుంది. స్పోకు సన్నం కావడం వల్ల కాదు, వదులుగా ఉండడం వల్ల తెగుతోంది. అది పోయే నాటికి దాని పక్కనున్నవి కూడా అన్ని చుట్లే తిరిగి ఉంటాయి. అందుకే వరసగా పోతున్నాయి. ఒకటి పోతే ఒకటి మార్చుకో, వరసగా పోతుంటే ఆ వైపు మొత్తం మార్చాల్సిందే.

13 గేజ్ మాట వదిలెయ్. అది సుమారు 2.3 మిల్లీమీటర్ల కమ్మీ. మన హబ్బుల రంధ్రాలు, నిపుళ్లు (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) 2.0 మిల్లీమీటర్ల కోసం చేసినవి. దాన్ని పట్టించాలంటే హబ్బునీ రిమ్మునీ డ్రిల్ చేయాల్సి రావచ్చు, చేస్తే అక్కడే బలహీనపడతాయి. పైగా మందం కమ్మీ తక్కువ సాగుతుంది, అందుకే గుంతలో పడినప్పుడు త్వరగా వదులవుతుంది. చివర్లు 2.0, నడుమ 1.8 ఉండే బటెడ్ స్పోకులు కాస్త సాగి దెబ్బను పక్కవాటికి పంచుతాయి. నడుమ సన్నంగా ఉన్నదే ఎక్కువ కాలం బతుకుతుందంటే చాలామంది నమ్మరు. అవి దొరక్కపోతే 14 గేజ్ స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు.

ఇక ఇరుసు. నీది ఫ్రీవీలు హబ్బు. అందులో గేర్ల గుత్తి హబ్బు బయట మర మీద కూర్చుంటుంది, కుడివైపు బేరింగ్ దానికి లోపల ఉండిపోతుంది. గేర్ల వెడల్పంతా ఇరుసు ఆధారం లేకుండా వేలాడుతూ ఉంటుంది. 88 కిలోల మనిషి రాళ్ల మీద దిగితే అది వంగడంలో వింతేముంది? క్యాసెట్ హబ్బులో గేర్ల గుత్తి (క్యాసెట్) హబ్బుకే ఉన్న గొట్టం మీదకి జారి కూర్చుంటుంది, అందుకే కుడి బేరింగ్ దాదాపు ఇరుసు చివరి దాకా జరుగుతుంది. కాబట్టి రెడీమేడ్ కొన్నా, కట్టించుకున్నా క్యాసెట్ హబ్బే తీసుకో. ఇక్కడ మాత్రం రాజీ పడొద్దు. నీ 7 గేర్లు పోతాయని భయపడకు. 8, 9 గేర్ల హబ్బు మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ (ఖాళీ నింపే రింగు) వేసి 7 గేర్ల క్యాసెట్ ఎక్కిస్తే పాత షిఫ్టరే పనిచేస్తుంది.

కొత్తపట్నం రోడ్ (ఒంగోలు):

బాబాయ్ గారూ, క్యాసెట్ హబ్బు విషయంలో మీ మాటే నా మాట. నా అభ్యంతరం కట్టించడం మీద. నెల్లూరులో మీలాంటి చేయి ఉంది. ఒంగోలులో, కనిగిరిలో, కావలిలో ఉండేవాళ్లు ఏం చేయాలి? చాలా షాపుల్లో స్పోకు బిగువు కొలిచే టెన్షన్ మీటరే ఉండదు. బ్రేకు రబ్బరుకి తగలకుండా తిరిగితే చాలు, బెండు తీసేసినట్టే. అలా కట్టిన చక్రాలు మొదటి కొండ దిగేసరికి మెలికలు తిరిగినవి నేను చూశాను. ఫ్యాక్టరీలో కనీసం యంత్రం ఒకే కొలతలో బిగిస్తుంది.

సీల్డ్ బేరింగ్‌ది ఇంకో లాభం. చాలా హబ్బుల్లో 6001, 6902 లాంటి మామూలు సైజులే ఉంటాయి. 6001 అయితే మోటార్లకు బేరింగులు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. విడి బాల్సు తిరిగే కప్పు-కోను హబ్బులో కప్పు మీద గుంటలు పడ్డాయంటే హబ్బు మొత్తం పారేయాలి, ఎందుకంటే ఆ కప్పు హబ్బులో భాగం. వానాకాలం మన ఎర్రమట్టి, నల్లరేగడి నీళ్లలో తిరిగే బండికి ఇదేమీ చిన్న విషయం కాదు.

స్టోన్‌హౌస్‌పేట (నెల్లూరు):

యంత్రం ఒకే కొలతలో బిగిస్తుందన్నది అందరు తయారీదారుల విషయంలోనూ నిజం కాదు నాయనా. తక్కువ ధర చక్రాలు తిన్నగా తిరుగుతాయి, కానీ బిగువు తక్కువగా వస్తాయి. తిన్నగా తిరగడం వేరు, బిగువు సమంగా ఉండడం వేరు. వదులు స్పోకులతో కూడా చక్రాన్ని తిన్నగా తిప్పి చూపించవచ్చు.

మీటరు లేకపోయినా పరీక్ష ఉంది. టైరు తీసి ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటుతూ వెళ్లు. వీణ తీగల్లా అన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి డబ్‌మని మొద్దుగా, పక్కది టింగ్‌మని పలికితే ఆ చక్రం ఎంత తిన్నగా తిరిగినా నిలవదు. కుడివైపు, ఎడమవైపు శ్రుతులు వేరుగా ఉండడం మామూలే. వెనక చక్రంలో గేర్లకి చోటివ్వడానికి కుడి స్పోకులు నిటారుగా నిలుస్తాయి కాబట్టి వాటి బిగువు ఎక్కువ. మీటరు ఉంటే గేర్ల వైపు 100 నుంచి 120 కిలోల మధ్య, రిమ్ము తయారీదారు చెప్పిన గరిష్ఠం దాటకుండా చూసుకోవాలి.

బిగించాక ఇంకో పని ఉంది, దాన్నే చాలామంది ఎగ్గొడతారు. పక్కపక్కన సమాంతరంగా వెళ్లే స్పోకుల్ని జతలుగా పట్టుకుని చేత్తో గట్టిగా నొక్కాలి, చక్రం చుట్టూ. మెడలు హబ్బులో సర్దుకుంటాయి, మెలితిరిగిన స్పోకులు టిక్కుమని విడిపోతాయి. ఆ తర్వాత మళ్లీ బిగువు చూసి, మళ్లీ సరిచేయాలి. ఇది చేయని చక్రం మొదటి రైడులోనే వదులవుతుంది. అందుకే, రెడీమేడ్ కొనాలనుకుంటే కొను, కానీ టైరు ఎక్కించే ముందు ఈ పని చేయించు. దానికి నిపుల్ తాళం, ఓపిక ఉంటే చాలు.

బేరింగ్ సంగతి నువ్వు చెప్పింది సగం ఒప్పుకుంటాను. కప్పు పోతే హబ్బు పోయినట్టే. కానీ కప్పు ఊరికే పోదు, గ్రీజు ఎండిపోయినా, కోను అతిగా బిగించినా పోతుంది. వెనక చక్రానికి 15, 17 నంబర్ల కోను స్పానర్లు, పావు అంగుళం బాల్సు ఒక్కో వైపు 9, ఒక డబ్బా గ్రీజు ఉంటే ఇంట్లోనే కూర్చుని సర్వీసు చేసుకోవచ్చు. సీల్డ్ బేరింగ్‌ని సుత్తితో కొట్టి ఎక్కించే షాపుల్లో కొత్తది కూడా ఆ రోజే పాడవుతుంది. బయటి రింగు మీద ఒత్తిడి పెట్టి లోపలికి నొక్కాలి గాని, లోపలి రింగు మీద కొట్టకూడదు.

క్వారీ దారి (చీమకుర్తి):

మీరిద్దరూ హబ్బు దగ్గరే ఆగిపోయారు అన్నా. మా వైపు చక్రాలు పోయేది రిమ్ము దగ్గర. గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో కత్తుల్లాంటి రాళ్ల ముక్కలు పరిచినట్టు ఉంటాయి. టైరు గాలి తక్కువైతే రాయి నేరుగా రిమ్ము అంచుకి తగిలి నొక్కు పడుతుంది. నొక్కు పడ్డ రిమ్ముని స్పోకులతో లాగి తిన్నగా చేస్తే ఆ చోట బిగువు ఇక ఎప్పటికీ సమంగా రాదు. బాబాయ్ చెప్పిన శ్రుతి అక్కడ చచ్చిపోయినట్టే.

కాబట్టి సింగిల్ వాల్ రిమ్ము వద్దే వద్దు. డబుల్ వాల్, లోపలి వెడల్పు 23 నుంచి 25 మిల్లీమీటర్లు, రంధ్రాలకు ఐలెట్లు (లోహపు రింగులు) ఉంటే ఇంకా మేలు. టైరు ఫ్రేమ్ ఒప్పుకున్నంత లావుగా, 2.2 అయినా ఉండాలి. రిమ్ముని కాపాడేది టైరులోని గాలే. మీ బరువుకి వెనక ట్యూబుతో 35 పీఎస్‌ఐ దరిదాపుల్లో మొదలుపెట్టి చూడండి. నున్నగా వెళ్తుందని 25కి దించొద్దు.

36 స్పోకులు కావాలనే వాళ్లకు ఒక మాట. 26 అంగుళాల చక్రంలో స్పోకులు పొట్టి. అదే హబ్బుతో 29 అంగుళాల చక్రం కంటే 26 సహజంగానే గట్టిది. సామాన్లు కట్టుకుని దూర ప్రయాణాలు చేస్తే తప్ప 32 చాలు. డిస్కుకి సరిపోయే 36 రంధ్రాల 26 అంగుళాల రిమ్ము కోసం వెతుకుతూ కూర్చునేకంటే 32ని బాగా కట్టించుకోవడం మేలు.

అలల పక్కన (కావలి):

నెల్లూరు అన్న మైపాడు తిరుగుతానన్నారు, ఆ ఉప్పుగాలి గురించి ఎవరూ అనలేదు. నిపుళ్లు ఇత్తడివి అడగండి. రంగురంగుల అల్యూమినియం నిపుళ్లు తేలికే, కానీ ఉప్పుకి స్పోకుతో అతుక్కుపోయి బెండు తీయబోతే ముక్కలైపోతాయి. అప్పుడు చక్రం గట్టిదైనా సరిచేయలేం. స్పోకులు జింకు పూత కాకుండా స్టెయిన్‌లెస్ తీసుకోండి. బీచి నుంచి రాగానే మంచినీళ్లు పోయండి, హబ్బు మీద ప్రెషర్ పైపు కొట్టొద్దు.

ట్యూబ్‌లెస్ (ట్యూబు లేని టైరు) గురించి అడిగితే, చిల్లకంప ముళ్లు, పల్లేరుకాయలు ఉన్న మన దారుల్లో నాకు అదే ఇష్టం. ఎండాకాలం సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) త్వరగా ఎండిపోతుంది, చూసి పోసుకోవాలి.

అడవి అంచు (రాపూరు):

ఎలాగూ కొత్త చక్రం అంటున్నారు కాబట్టి ఒకేసారి 27.5 అంగుళాల చక్రానికి మారిపోతే? డిస్కు బండే కదా, బ్రేకు అడ్డం రాదు. 26లో మంచి రిమ్ములు, టైర్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి.

క్వారీ దారి (చీమకుర్తి):

26 రిమ్ము కూర్చునే వ్యాసం 559 మిల్లీమీటర్లు, 27.5ది 584. అంటే ప్రతి వైపూ 12.5 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. 26 కోసం చేసిన ఫ్రేములో లావు టైరుతో ఆ ఖాళీ ఉండడం అరుదు. పట్టినట్టే ఉన్నా నల్లరేగడి బురదలో టైరుకీ ఫ్రేముకీ మధ్య మట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. సన్నం టైరు వేసుకోవాల్సి వస్తే రిమ్ముకి ఉన్న రక్షణ పోయింది. ఉన్న ఫ్రేముకి 26లోనే ఉండండి.

పెన్నాగట్టు (నెల్లూరు):

తెగిన స్పోకులు చూశాను బాబాయ్, అన్నీ మెడ దగ్గరే. మీటి చూస్తే ఎడమవైపు కొన్ని అసలు పలకడమే లేదు. క్యాసెట్ హబ్బు, 32 రంధ్రాల డబుల్ వాల్ రిమ్ము, స్టెయిన్‌లెస్ స్పోకులు, ఇత్తడి నిపుళ్లతో కట్టించడానికే నా మనసు మొగ్గుతోంది. హబ్బు కొనేటప్పుడు ఏం కొలవాలి?

కొత్తపట్నం రోడ్ (ఒంగోలు):

కట్టించుకోండి, మీ ఊళ్లో చేయి ఉంది కాబట్టి. నేను మాత్రం ఊరు కాని ఊళ్లో ఉన్నవాళ్లకి రెడీమేడ్ క్యాసెట్ చక్రమే చెబుతాను. బాబాయ్ చెప్పిన నొక్కుడు పని, బిగువు చూడడం మాత్రం ఇకనుంచి తప్పకుండా కలిపి చెబుతాను. రెండు మూడు రైడుల తర్వాత మళ్లీ మీటి చూడమని కూడా.

స్టోన్‌హౌస్‌పేట (నెల్లూరు):

చక్రం తీసి ఫ్రేములో ఇరుసు కూర్చునే రెండు గాడుల మధ్య లోపలి దూరం కొలువు. 135 మిల్లీమీటర్లు రావాలి. నీ డిస్కు ఆరు బోల్టులదైతే హబ్బు కూడా ఆరు బోల్టులదే అడుగు, సెంటర్‌లాక్ (బోల్టులు లేకుండా ఒకే రింగుతో డిస్కుని బిగించే రకం) తెస్తే అడాప్టర్ కొనాలి. పాత చక్రం నట్లతో బిగించేదైనా క్విక్ రిలీజ్ (చేతి మీటతో బిగించే) హబ్బు ఆ గాడుల్లోనే కూర్చుంటుంది.

స్పోకులు మాత్రం ముందే కొనకు. హబ్బు, రిమ్ము రెండూ చేతికి వచ్చాక, రిమ్ములో నిపుల్ కూర్చునే చోటు నుంచి ఎదురు నిపుల్ చోటు దాకా కొలిచి, హబ్బు కొలతలు కలిపి, కుడికీ ఎడమకీ పొడవు విడివిడిగా లెక్కేయాలి. మూడు క్రాసుల అల్లికకి (ఒక్కో స్పోకు తన వైపు మరో మూడింటిని దాటేలా) లెక్క వెయ్యి. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు హబ్బు మెలితిరగబోతుంది, ఆ బలాన్ని మోయడానికి స్పోకులు ఏటవాలుగా ఉండాలి. రెండూ తీసుకుని రా, కొలిచి పొడవులు రాసిస్తాను. ఆ కాగితం పట్టుకుని వెళ్లి స్పోకులు కొనుక్కో.